కార్బన్ కాగితం

అప్పట్లో బెర్గెన్‌లో వాన పడని రోజుంటే
మర్నాడు పేపర్లో వేసేవాళ్లు.
సముద్ర పరిశోధనాలయంలో టైపిస్టుని నేను.
డాక్టర్ తుర్లైవ్ ఐక్రెమ్ గారి ఉత్తరాలకు
నా పది వేళ్లూ ఎనిమిదేళ్లు కొలువు చేశాయి.

నిలబడే చెప్పేవారు, కిటికీ వైపు తిరిగి,
పళ్ల మధ్య ఆరిపోయిన పైపుతో.
"కోపెన్‌హాగెన్‌కి రాయండి:
మీరు పంపిన ప్రమాణ జలం గొట్టాల్లో రెండు
దారిలో పగిలాయి. గడ్డి సరిగ్గా కూరలేదు.
పెట్టె అడుగున కాస్త ఉప్పు మిగిలింది,
దాన్ని సముద్రమని నేను ఒప్పుకోలేను.
తర్వాతది పళ్ల డాక్టరుకి:
పీకింది ఒకటి, బిల్లులో రెండు.
ఆ రెండోది నా నోట్లోనే ఉంది,
అనుమానముంటే వచ్చి చూసుకోవచ్చు."

మంత్రిత్వ శాఖకు మూడే వాక్యాలు.
ఎవరో కుర్రాడి వ్యాసం గురించి పత్రికకు:
"తప్పులు పదకొండు. తొమ్మిదోది మాత్రం
నేను చేసుంటే బాగుండేదనిపించింది. అచ్చు వేయండి."
మోలోయ్ నుంచి ఒక జాలరి పెన్సిలుతో అడిగాడు,
హెర్రింగ్ ఏటేటా ఎందుకు ఆలస్యంగా వస్తోందని.
అతనికి నాలుగు పేజీలు.
చివర్న: "నాకు తెలియదు.
ఎంతవరకు తెలియదో చెప్పడానికే ఇదంతా."

నవంబరులో ఒక్కరోజు తలుపు దగ్గరకు వేసేవారు.
"ప్రియమైన ఓస్ముండ్, కామా."
కొట్టేదాన్ని.
కామా దగ్గర ఇద్దరం ఆగిపోయేవాళ్లం.
ఊరందరికీ తెలుసు, యుద్ధంలో ఆ తమ్ముడు
ఎవరి చొక్కా తొడిగాడో.
జైలు క్వారీలో రాయి దొర్లి
కుడికాలు పోయిందని కూడా తెలుసు.
దాని గురించి అయ్యో అన్నవాళ్లు లేరు,
అనాలనుకున్నవాళ్లు ఉన్నారేమో.
"ఇక్కడ వాన," అనేవారు.
కాసేపటికి, "చింపేయండి."
చింపేదాన్ని.
అడుగునున్న కార్బన్ సంగతి ఆయన అడగలేదు,
నేనూ ఎత్తలేదు.

కార్బన్ దొరకని రోజులు. ఒక్క కాగితం
వెలిసిపోయేదాకా వాడేదాన్ని.
వెలుతురుకి పట్టుకుంటే
పంటి మీద ఉప్పు, ఉప్పు మీద హెర్రింగ్,
వాటన్నిటి కిందా చుక్కల్లా
తమ్ముడి పేరు, కామా.

ఎనిమిదో శరత్తులో వానబూట్లొచ్చాయి
ఓస్లో కంపెనీ నుంచి, పోస్టులో. రెండూ ఎడమవే.
"అయ్యా," అని మొదలుపెట్టారు ఆనందంగా,
తగువుంటే ఆయనకు గొంతు లేస్తుంది,
"నాకు పాదాలు రెండు, రెండూ రెండు రకాలు..."
అక్కడ ఆగారు.
నేను కామా కూడా కొట్టలేదు.
పైపు బల్ల మీద పెట్టడం అదే మొదటిసారి చూశాను.
"కొట్టేయండి. ఇలా రాయండి:
పొరపాటు దిద్దనక్కర్లేదు. కుడిది ఒకటి పంపండి,
డబ్బు వేరే ఇచ్చుకుంటాను."

రెండో ఎడమ బూటును పాత వార్తాపత్రికలో చుట్టింది నేనే.
ఉత్తరం పెట్టలేదు. చిరునామా టైపు చేశాను,
కొలత లోపల అచ్చయ్యే ఉంది, నలభై మూడు.

డిసెంబరులో కార్డు వచ్చింది, వంకర రాత:
"సరిపోయింది. మడమ దగ్గర కాస్త నీళ్లు దిగుతున్నాయి.
నాన్న బారోమీటరు ఇంకా అబద్ధాలే చెబుతోందా?"

రెండుసార్లు చదివి నా వైపు చాపారు.
ఏ ఫైల్లో పెట్టమంటారన్నాను.
"అందిన నమూనాలు," అన్నారు,
నవ్వారో లేదో, మొహం కిటికీ వైపుంది.
"రాసుకోండి. ప్రియమైన ఓస్ముండ్, కామా."

ఆ పూట మెషీన్లో కొత్త కార్బన్ పెట్టాను.
బారోమీటరు గురించే రెండు పేజీలు చెప్పారు,
పాదరసం, గాజు, గోడకు కొట్టిన మేకు వంపు.
కాలు ఊసు రాలేదు.